ఇంకో నాలుగడుగులు వెనక్కి

చచ్చిపోయి పదకొండేళ్లయిన కెర్త్తు కల్లుంకికి, సువియార్వి మండలంలోకెల్లా ఎక్కువ పుస్తకాలు చదివిన మనిషిగా బహుమతి ప్రకటించారు. ఆ ఉత్తరాన్ని ఆమె కూతురు ఐలి వంటింట్లో నిలబడి చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చదివింది. ఏడాదిలో రెండువందల పన్నెండు పుస్తకాలట! బతికున్నన్నాళ్లూ ఆ మహాతల్లి పంచాంగం తప్ప ఇంకో పుస్తకం ముట్టిన పాపాన పోలేదు.

"చచ్చాను దేవుడా!" అంది ఐలి, వినేవాళ్లెవరూ లేకపోయినా.

బహుమతులు ఎందుకంటే, అది 2009 శరత్కాలం. ఆ డిసెంబరు ఆఖరుతో మా లాప్లాండు పరగణాను ఎత్తేస్తున్నామని హెల్సింకీలో తేల్చేశారు. పరగణా అంటే ఏ మూలనో ఉన్న చిన్న చెక్క కాదు, దేశంలో ఇంచుమించు మూడోవంతు నేల. దక్షిణాన సముద్రపు ఒడ్డున కాగితం మిల్లుల దగ్గర బయల్దేరి, నదుల వెంట, చిత్తడి నేలల మీదుగా, చెట్టు మొలవని బోడికొండల దాకా బండి తోలుకుంటూ పోతే, నార్వే హద్దు చేరేసరికి తెచ్చుకున్న రొట్టె, ఓపిక రెండూ అయిపోతాయి. మనుషులకంటే రెయిన్‌డీర్లు ఎక్కువ. ఇరవై పైచిలుకు మండలాలు, వాటన్నిటి నెత్తిన రొవానియెమిలో ఓ గవర్నరు. ఇప్పుడు ఆ గవర్నరు పోతున్నాడు. మండలాలు మాత్రం ఉంటాయి, వాటి మధ్య గీతలూ ఉంటాయి. నెత్తిన టోపీ తీసేశారు గానీ కాలిని బూటు కరవడం మానలేదన్నమాట. సరే, పోతున్న పరగణాకు వీడ్కోలుగా సువియార్వి మండల సభ తనకు తోచిన ముచ్చట తాను చేసింది. బాగా చదివినవాళ్లకి పరగణా మొత్తం చూపించే గోడమ్యాపు బహుమతి. కంప్యూటరు మీట నొక్కితే మొదటి పేరుగా కెర్త్తు ఊడిపడింది.

ఐలికి అరవై రెండేళ్లు. వెడల్పాటి భుజాలు, దురుసు నోరు. సువియార్వి పుస్తకాల బస్సుకి డ్రైవరూ తనే, లైబ్రేరియనూ తనే, ఇరవయ్యారేళ్లుగా. పెళ్లి కూడా చేసుకుంది గానీ అది అయిదేళ్లకే మొరాయించింది, బస్సు మాత్రం ఇంకా నడుస్తోంది. వచ్చే జూన్‌లో రిటైర్మెంటు. సోమవారం నది ఒడ్డు పల్లెలు, మంగళవారం సరస్సు అవతల, గురువారం తూర్పు దారి. ఆ తూర్పు దారి చివరే అసలు సంగతంతా.

తూర్పు దారి నలభై ఏడు కిలోమీటర్లు పోయి ఓ వాగు మీద వంతెన ఎక్కుతుంది. వంతెన దగ్గరే బోర్డు ఉంది, అవతలిది కోర్తెవార మండలమని. వంతెన దాటి ఇంకో కిలోమీటరున్నర పోయాక దారి ఎవెర్ట్ కుమ్పుల అనే ముసలాయన వాకిట్లో ముగిసిపోతుంది. ఆ వెనక చిత్తడి, చిత్తడి వెనక బోడికొండ. ఎవెర్ట్ తన సొంత మండల కేంద్రానికి పోవాలంటే ముందు పరాయి మండలం సువియార్వికి వచ్చి, అక్కణ్నుంచి చుట్టు తిరిగి, మొత్తం నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్లు పోవాలి. అతని ఇల్లు ఎలా ఉంటుందో కోర్తెవార వాళ్ల పుస్తకాల బస్సుకి తెలియనే తెలియదు.

పంతొమ్మిదేళ్ల కిందట ఓ గురువారం, వంతెన ఇవతల బస్సు తిప్పే చోటంతా మంచు కూరుకుపోయి, తిప్పుకోవడానికి ఐలి వంతెన దాటి ఆ వాకిట్లోకి వెళ్లింది. ఎవెర్ట్ బయటికొచ్చాడు. అతని భార్య లెంపి పోయి అప్పటికి మూడు నెలలు. ఐలి బస్సు తలుపు తెరిచింది. అతను బస్సెక్కి, అరల మధ్య టోపీ చేతిలో పట్టుకుని చర్చిలో నిలబడ్డట్టు నిలబడి, ధ్రువయాత్రల పుస్తకం ఒకటి తీశాడు. నిలబడే నాలుగు పేజీలు చదివాడు. మరుసటి గురువారం మంచు లేదు, కానీ ఐలి తనంతట తానే వంతెన దాటింది.

ఆ రెండోసారే పేచీ పెట్టాడు.

"ఇక్కడ కాదు. ఇంకో నాలుగడుగులు వెనక్కి పో."

"ఏం, నీ వాకిలి అరిగిపోతుందా?"

"కట్టెల కొట్టం మూల దాటకు. వెనక్కి."

"పుస్తకాలు తెచ్చిపెట్టిందే గాక ఇదొకటా!" అని గొణుక్కుంటూనే ఐలి బస్సు వెనక్కి తీసింది. అదిగో, ఆ రోజు మొదలు ప్రతి గురువారమూ అదే తంతు. ముసలాయన మెట్ల మీంచి పోలీసులా చెయ్యెత్తుతాడు, ఐలి పళ్లు నూరుతూ నాలుగడుగులు వెనక్కి పోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, ఏం చేస్తాం!

పరాయి మండలం వాళ్లకి లైబ్రరీ కార్డు ఇవ్వకూడదు. బస్సు హద్దు దాటకూడదు. ఐలికి రెండూ తెలుసు. ఎవెర్ట్ కోసం తల్లి కార్డు అడిగితే, "తీసుకుపోవే, నాకెందుకు, చదివితే కళ్లు మంటలు," అని కెర్త్తు ఇచ్చేసింది. తల్లి పోయాక ఆ కార్డు రద్దు చేయించడానికి ఐలికి చేతులు రాలేదు. ఇక బస్సు ప్రయాణం రాసే పుస్తకంలో ఎవెర్ట్ ఇంటి దగ్గర ఆగినందుకు ప్రతి వారమూ ఒకటే మాట రాసేది: 'బస్సు తిప్పిన చోటు, ఇరవై నిమిషాలు.' రాసిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. ఆఫీసులో ఎవరైనా నవ్వుతూ పలకరించినా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఆ ఇరవై నిమిషాల్లో జరిగేది కూడా పెద్దగా ఏమీ లేదు. ఎవెర్ట్ పళ్లెంలో కాఫీ తెస్తాడు, కాఫీలో వేసుకోవడానికి కాల్చిన జున్ను ముక్కలు తెస్తాడు. చదివిన పుస్తకాల మీద ఒక్కో ముక్క చెబుతాడు. "ఈ కెప్టెన్ మూర్ఖుడు. కుక్కల్ని ముందే తినేశాడు." అంతే. ఒకసారి మాత్రం, అడక్కుండానే అన్నాడు, "గురువారం తప్ప మిగతా రోజుల్లో నా గొంతు నాకే వినపడదు ఐలీ." ఐలి కాఫీలో ఇంకో జున్ను ముక్క వేసుకుంది.

బహుమతి ఉత్తరం వచ్చిన మర్నాడు ఐలి తనే వెళ్లి మండల సాంస్కృతిక అధికారి యార్మో బల్ల ముందు నిలబడింది. యార్మో దక్షిణాది నుంచి వచ్చి రెండేళ్లయిన కుర్ర అధికారి. చెడ్డవాడు కాదు పాపం, ఫైలులో లేనిది లోకంలో లేదనుకుంటాడు, అంతే.

"మా అమ్మ బహుమతికి రాలేదు," అంది ఐలి.

"ఒంట్లో బాగాలేదా?"

"పదకొండేళ్లుగా బాగాలేదు. చర్చి వెనక పడుకునుంది."

యార్మో కలం కింద పెట్టాడు. ఐలి అంతా చెప్పింది. అతను ప్రయాణాల పుస్తకం తెప్పించి తిరగేశాడు.

"బస్సు తిప్పడానికి ఇరవై నిమిషాలా ఐలీ? ఓడనేమైనా తిప్పుతున్నావా?"

మా వైపు చిన్నా పెద్దా అందరూ నువ్వు అనే పిలుచుకుంటారు, గవర్నరుకైనా అంతే. కాబట్టి ఆ 'నువ్వు' ఐలికి గుచ్చుకోలేదు, ఓడ గుచ్చుకుంది.

"ఎనభై నాలుగేళ్ల మనిషి. ఏడాదికి రెండువందల పుస్తకాలు. మన మండలంలో అంత చదివేవాడు ఒక్కడుంటే చూపించు."

"మన మండలంలో లేడు. అదే కదా నేను చెప్పేది!" అన్నాడు యార్మో. తర్వాత గొంతు తగ్గించాడు. "వంతెన దాటాక బస్సుకేమైనా అయితే బీమా రాదు. సభ వాళ్లు నన్నడుగుతారు. కార్డు సంగతి నేను చూస్తాను, పొరుగు మండలమైనా ఆయన పేరు మీదే కొత్తది ఇద్దాం. కానీ బస్సు వంతెన దగ్గరే ఆగాలి. ఇంకోసారి దాటావో, జూన్ దాకా కూడా నిన్ను బస్సు మీద ఉంచలేను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఇక్కడ పూజారి కార్డు ఇచ్చాడు, బస్సు ఇవ్వలేదు. ఎవరికివ్వాలో తెలియని బహుమతి మ్యాపుని చుట్టచుట్టి, "ఇది నువ్వే ఉంచుకో," అని ఐలి చేతిలో పెట్టాడు.

ఆ గురువారం ఐలి ఇదే ఆఖరిసారి అనుకుంటూ వంతెన దాటి, సంగతి చెప్పింది. ఎవెర్ట్ విన్నాడు. కళ్లు కొట్టం వైపు తిప్పి, వాకిట్లో మోకాలెత్తు మంచు వంక చూశాడు.

"మే దాకా ఆగాలి," అన్నాడు.

"మే దాకా ఏముంది? ఎండొస్తే యార్మో మారతాడా?"

"నేల కనబడనీ. మంచు మీద ఏదీ చెప్పకూడదు."

ఐలికి ఒళ్లు మండింది. తను ఉద్యోగం మీదికి తెచ్చుకుంటే ఈయన వాతావరణం మాట్లాడుతున్నాడు. ఇంట్లోకి నడిచి, మ్యాపు విప్పి అతని బల్ల మీద పరిచింది, ఇదైనా చూసుకోమని. ఎవెర్ట్ భూతద్దం తెచ్చుకుని ముక్కు ఆనించి చూశాడు. పచ్చరంగు సువియార్వి, పసుపురంగు కోర్తెవార, మధ్య ఎర్రగీత.

"గీత ఎంత లావుందో చూశావా? నా ఇల్లు, ఆవిరిస్నానం చేసే నా సౌనా, బంగాళదుంపల మడి, అన్నీ ఈ లావు కిందే ఉన్నాయి. ఈ మ్యాపు ప్రకారం నేను ఎక్కడా లేను," అన్నాడు. అని చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. ఐలికి నవ్వు రాలేదు. మ్యాపు అక్కడే గోడకి కొట్టి వచ్చేసింది.

ఆ తర్వాతి గురువారం వంతెన దగ్గర బస్సాపితే, అవతలి నుంచి కాలితో తన్నుకుంటూ నడిపే మంచుబండి మీద ఎవెర్ట్ వస్తున్నాడు. వెనక పుస్తకాల మూట, ముందు బుట్టలో కాఫీ ఫ్లాస్కు. వంతెన దాటి, బోర్డుకి సరిగ్గా ఇవతల నిలబడ్డాడు.

"పిచ్చి పట్టిందా పెద్దాయనా? సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కిందుంది చలి!"

"చలి రెండు మండలాల్లోనూ ఒకటే," అన్నాడు ఎవెర్ట్. కొత్త కార్డు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. "పంతొమ్మిదేళ్లు కెర్త్తుగా చదివాను. ఇప్పుడు పేరు మార్చుకోవాలంటే మొహమాటంగా ఉంది."

డిసెంబరు ముగిసింది, పరగణా పోయింది. మర్నాడూ బోడికొండ అక్కడే ఉంది. జనవరిలో చలి ముప్ఫై దాటింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ ముసలి ప్రాణం కిలోమీటరున్నర తన్నుకుంటూ వస్తూనే ఉంది. ఐలి వంతెనకి రెండు మలుపుల ముందు నుంచే కళ్లు చికిలించి చూసేది, ఆ నల్లచుక్క కనబడుతుందా లేదా అని. కనబడితే ప్రాణం లేచొచ్చేది, వెంటనే కోపం కూడా వచ్చేది. ఈ గీతల్ని గీసినవాడెవడో గానీ, వాణ్ని ఓసారి ఈ బండి మీద నిలబెట్టాలి అనుకునేది.

మార్చి రెండో గురువారం చుక్క కనబడలేదు.

ఐలి వంతెన దగ్గర ఆగింది. అయిదు నిమిషాలు. పది. ఇంజను నడుస్తూనే ఉంది. బోర్డు వంక చూసింది. యార్మో మాట గుర్తుంది, జూన్ గుర్తుంది, ఇరవయ్యారేళ్ల పని నుంచి మెడపట్టి గెంటేసిన మనిషని ఊళ్లో అనిపించుకోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. "పోతే పోయింది!" అని పైకే అని గేరు వేసింది.

ఎవెర్ట్ వాకిట్లో, కట్టెల కొట్టం మూల దగ్గర, మంచులో ఓ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. బండి బోర్లా పడింది. పుస్తకాల మూట మాత్రం పొట్ట మీద పెట్టుకున్నాడు, తడవకుండా. ఐలి బస్సులోంచి దూకి పరిగెత్తింది.

"కాలు," అన్నాడు ఎవెర్ట్. పెదాలు నీలంగా ఉన్నాయి. ఐలి చంకల కింద చేతులు వేసి లేవనెత్తుతుంటే, బస్సు వంక చూసి ఇంకో మాట అన్నాడు. "నాలుగడుగులు ముందుకొచ్చావు."

"నోర్ముయ్ ముసలాడా!" అని అరిచింది ఐలి, ఏడుస్తూ. "కాలు విరిగి ఛస్తూ కూడా నాలుగడుగులేనా నీకు!"

పిల్లల పుస్తకాల అరల మధ్య దుప్పటి పరిచి పడుకోబెట్టి, నలభై తొమ్మిది కిలోమీటర్లు తోలి సువియార్వి ఆసుపత్రికి చేర్చింది. అతని మండలం ఆసుపత్రికి పోయుంటే దారిలోనే పోయేవాడని నర్సు చెప్పింది. యార్మో సాయంత్రానికే వచ్చాడు. ఐలి అతన్ని చూడగానే, "దాటాను. కాగితం ఏదైనా ఉంటే ఇవ్వు, సంతకం పెడతాను," అంది. యార్మో నేల చూపులు చూశాడు. సభ మే నెలాఖరున కూర్చుంటుందని, తను దాచలేనని, రాసి తీరాలని చెప్పాడు.

మంచం మీంచి ఎవెర్ట్ యార్మో వైపు తల తిప్పాడు. "సభకి ముందు గురువారం నా ఇంటికి రా. పార తెచ్చుకో."

"పారెందుకు?"

"మంచు మీద చెప్పకూడదు," అన్నాడు ఎవెర్ట్, కళ్లు మూసుకున్నాడు.

మే ఇరవై దాటాక మంచు పోయి నేల నల్లగా బయటపడింది. వాగు పొంగింది. యార్మో నిజంగానే పార తెచ్చాడు. ఐలి అతన్ని బస్సులోనే తీసుకెళ్లింది, ఎలాగూ పోయే ఉద్యోగానికి ఇంకా భయమేమిటని. ఎవెర్ట్ అప్పటికే ఇంటికొచ్చి, పిండికట్టు కాలు మెట్ల మీద చాపుకుని కూర్చుని ఉన్నాడు. బస్సు వాకిట్లోకి రాగానే చెయ్యెత్తాడు. ఐలి తిట్టుకుంటూ, అలవాటు కొద్దీ నాలుగడుగులు వెనక్కి తీసింది.

"కొట్టం మూల కట్టెలు తీసి, ఓ జానెడు లోతు తవ్వు," అన్నాడు ఎవెర్ట్.

యార్మో కట్టెలు తీశాడు, పెళ్లలు పెళ్లలుగా నాచు లేపాడు. పార ఠంగుమంది. చుట్టూ చిన్న రాళ్లు పేర్చిన ఓ పెద్ద రాయి బయటపడింది. మట్టి తుడిస్తే దాని నెత్తిన ఓ అంకె, ఓ శిలువ గుర్తు, 1956 అని ఏడాది చెక్కి ఉన్నాయి.

"హద్దురాయి," అన్నాడు యార్మో నెమ్మదిగా. "మరి వంతెన దగ్గర బోర్డు?"

"అది రోడ్డు వాళ్లు పాతింది. పాతడానికి అక్కడ సులువు. గీత వాగు వెంట పోదు, బోడికొండ నుంచి సరస్సు మూల దాకా తిన్నగా పోతుంది, ఈ రాయి మీదుగా." ఎవెర్ట్ వేలితో గాల్లో గీత గీశాడు. "ఆ వేసవి సర్వే వాళ్లకి కొలత గొలుసు లాగింది నేనే. ఈ రాయి దొర్లించుకొచ్చిందీ నేనే. ఇల్లు కట్టేటప్పుడు లెంపి కోర్తెవారలోనే ఉంటానంది, వాళ్ల పుట్టింటి మండలం. గీత మీద ఇల్లు కట్టకూడదు. అందుకని ఇల్లు అటు కట్టాను, వాకిలి ఇటుంది."

ఐలి రాయి దగ్గరికి నడిచింది. రాయి మీద నిలబడి, వెనక్కి తిరిగి బస్సు చూసింది. బస్సు ముందు చక్రాలు రాయికి రెండడుగులు ఇవతలే, సువియార్వి నేల మీద ఉన్నాయి. చక్రం ఒరుసుకుని పంతొమ్మిదేళ్లుగా పడ్డ గాడి కూడా అక్కడే ఆగిపోయింది, ఒక్క జానెడు కూడా రాయి దాటలేదు.

"యార్మో, నా ప్రయాణాల పుస్తకంలో రాసింది..." అని మొదలుపెట్టింది ఐలి.

"మన మండలంలోనే తిప్పావు," అన్నాడు యార్మో. తల గోక్కున్నాడు. "ఎవెర్ట్, ఇది నవంబరులోనే చెప్పుంటే ఈ గొడవంతా ఉండేది కాదుగా? మంచు తవ్వుకుని చూసేవాణ్ని!"

"ఓసారి ఏప్రిల్లో, మంచు మీద నిలబడి మా సర్వేయరు హద్దు చూపించాడు. తవ్వారు కూడా. దొరికిన రాయే హద్దనుకున్నారు, మంచు కరిగాక చూస్తే అది పొయ్యిరాయి. అప్పటికే ఆ హద్దు కోసం కొట్టుకుని అన్నదమ్ములిద్దరు చేతులు విరగ్గొట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు మాట్లాడుకోకుండానే పోయారు. నేల కనబడకుండా హద్దు చెప్పనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా."

"మరి నాకు? పంతొమ్మిదేళ్లు! పంతొమ్మిది వేసవులు నేల కనబడుతూనే ఉందిగా!" ఐలి గొంతు పెరిగింది. "ఆ పుస్తకంలో అబద్ధం రాస్తున్నానని వారం వారం ఛస్తూ బతికాను. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ఎవెర్ట్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు తెలుసనుకున్నా ఐలీ. చెప్పగానే వెనక్కి తీసేదానివిగా. అబద్ధం రాసే మనిషివి కాదుగా నువ్వు. నీ చేత అబద్ధం రాయించకూడదనే కదా నేను చెయ్యెత్తింది."

ఐలి రాయి మీదే కూలబడింది. పంతొమ్మిదేళ్లు ఈ మనిషిని ఎన్ని తిట్లు తిట్టిందో అన్నీ గుర్తొచ్చాయి. తను అతనికి పుస్తకాలు మోస్తున్నాననుకుంది. అతను మెట్ల మీద నిలబడి, వారం తప్పకుండా, తన నిజాయితీని కాపలా కాశాడు. చలికోటు చేతి అంచుతో ముఖం తుడుచుకుని, "కాఫీ ఉందా లేదా?" అని కసిరింది.

"ఉంది. జున్ను కూడా ఉంది."

సభ వాళ్లు ఐలికి హెచ్చరిక కూడా రాయలేదు. ఆగే చోట్ల జాబితాలో ఓ కొత్త పంక్తి చేరింది, 'కుమ్పుల వాకిలి, గురువారం, ఇరవై నిమిషాలు' అని. పంక్తి చివర యార్మో తనే రాశాడు, కట్టెల కొట్టం మూల దాటరాదు అని.

జూన్ ఆఖరి గురువారం స్టీరింగు దగ్గర ఐలి లేదు. కొత్తగా వచ్చిన సాయిమా అనే డ్రైవరు తోలింది, ఐలి పక్క సీట్లో కూర్చుంది. వాకిట్లోకి రాగానే మెట్ల మీద ఎవెర్ట్ ఊతకర్ర ఆనించి లేవబోయాడు. కాలు సహకరించలేదు, మళ్లీ కూర్చుండిపోయాడు.

"నువ్వు లేవకు," అని కేకేసి ఐలి దిగింది. కొట్టం మూలకి నడిచి, రాయి పక్కన నిలబడి చెయ్యెత్తింది.

"ఇక్కడ కాదు. ఇంకో నాలుగడుగులు వెనక్కి!"

"ఎందుకూ?" అంది సాయిమా కిటికీలోంచి తల బయటపెట్టి, విసుగ్గా.

ఐలి మెట్ల వైపు చూసింది. ఎవెర్ట్ తలూపాడు.

"దిగి రా, చూపిస్తా," అంది ఐలి. "నేల కనబడుతోందిగా."